ఇంట్లో వింటే పాటలా లేదా? స్టేజి మీద వినండి

అమ్మాయి స్కూల్ కాన్సర్ట్‌కి తప్పకుండా వెళ్లండి. మీ ఆయన్ని కూడా ఆఫీసు నుంచి పెందలాడే రమ్మనండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ తీసుకెళ్లండి.

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. డాలస్ వైపు కొత్తగా వచ్చారు. అమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూల్ క్వయర్‌లో (బృందగానంలో) చేరింది, మే నెలలో స్ప్రింగ్ కాన్సర్ట్. పాప ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే అది పాటలా లేదు, అసలక్కడ ఏం నేర్పుతున్నారని మీ అనుమానం. ఇన్నాళ్లూ నేర్పించిన కర్ణాటక సంగీతం పాడైపోతుందేమోనని ఇంకో బెంగ. పైగా ఆ హాల్లో ఎప్పుడు చప్పట్లు కొట్టాలో కూడా తెలియదన్నారు. ఈ మూడు బెంగలూ నేను పడ్డవే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా పాప క్వయర్‌లో ఆల్టో. బాబు ఆర్కెస్ట్రాలో వయోలా. ఇద్దరూ మధ్యవాళ్లే. ఈ సంగీతంలో ‘మధ్య’ అంటే ఏమిటో తెలియకే నేను రెండేళ్లు గింజుకున్నాను.

క్వయర్‌లో మామూలుగా నాలుగు గొంతులు. ఆడపిల్లల్లో పైస్థాయి సోప్రానో, కింది స్థాయి ఆల్టో. మగపిల్లల్లో పైన టెనర్, అడుగున బేస్. నలుగురూ ఒకే మాటలు పాడతారు, ఒకే స్వరాలు పాడరు. మనకు ‘పాట’గా వినిపించేది ఎక్కువసార్లు సోప్రానోల దగ్గరే ఉంటుంది. ఆల్టోలకు వచ్చేది దాని కింద వేసే పరుపు. మా పాప ఆ ఏడు నేర్చుకున్నది ఆస్ట్రియా స్వరకర్త మోజార్ట్ రాసిన ‘ఆవే వేరుమ్ కోర్పుస్’ అనే లాటిన్ చర్చి పాట. రెండు నెలలు వంటింట్లో గిన్నెలు సర్దుతూ పాడింది. రెండు మూడు స్వరాల మీదే అటూ ఇటూ తిరుగుతుంది, ఎక్కడికీ వెళ్లదు. ఉన్నట్టుండి ఆగి, మనసులో ఏవో లెక్కలు పెట్టుకుని, మళ్లీ ఎత్తుకుంటుంది. ఒకరోజు ఉండబట్టలేక ‘అసలు పాట పాడవే, ఈ గొణుగుడేమిటి’ అన్నాను. ‘ఇదే అసలు పాట అమ్మా, నా వంతు ఇదే’ అంది. నేను నమ్మలేదు. దీనికి పాట ఇవ్వలేదు, పక్కన నిలబెట్టారు అనుకున్నాను.

అదే నెలలో ఇంటికొచ్చి ముఖం మాడ్చుకుని కూర్చుంది. ఏమైందంటే, ‘నీ గొంతు విడిగా వినిపిస్తోంది’ అన్నారట డైరెక్టర్. నేను పొంగిపోయి అత్తయ్యకు ఫోన్ చేసి మరీ చెప్పాను, నలభై మందిలో మన పిల్ల గొంతే వినిపిస్తోందట అని. ఫోన్ పెట్టేశాక పాప, ‘అమ్మా, అది మెచ్చుకోవడం కాదు, తప్పు చెప్పడం’ అంది. మన దగ్గర గొంతు ప్రత్యేకంగా ఉందంటే అదో వరం. అక్కడ పది మంది ఆల్టోలూ కలిసి ఒకే మనిషి పాడినట్టుండాలి. పక్కపిల్ల నీకు వినపడకపోతే నువ్వు గట్టిగా పాడుతున్నావని లెక్క.

కాన్సర్ట్ రోజు ఆ పాట మొదలయ్యాక గానీ నాకు సంగతి అర్థం కాలేదు. అది మొత్తం 46 బార్లే (బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది), మూడు నిమిషాలు పైచిలుకు. మోజార్ట్ 1791 జూన్‌లో, చనిపోవడానికి ఆరు నెలల ముందు, వియన్నా దగ్గర బాడెన్‌లో చర్చి క్వయర్ నడిపే స్నేహితుడి కోసం రాసిచ్చాడు. ఊరి చర్చిలో పాడేవాళ్ల కోసం రాసింది కాబట్టి పెద్ద విన్యాసాలేం ఉండవు, ఎవరూ గట్టిగా అరవరు. సోప్రానోలు పైన ఆ రాగం తీస్తుంటే కింద వంటింటి గొణుగుడు వినిపించింది. ఇంట్లో నాకు అర్థంలేకుండా తోచిన ఆ రెండు స్వరాలు మారినప్పుడల్లా మొత్తం పాట రంగు మారుతోంది. చివర్లో ఆడపిల్లలు ముందు ఎత్తుకుంటే మగపిల్లలు వెనకే అదే అందుకుంటారు. అక్కడ పాప లెక్కపెట్టుకునే మౌనాలకు కూడా జవాబు దొరికింది. ఆ ఖాళీల్లో వేరేవాళ్లు పాడుతున్నారు, అంతే. ఇంట్లో నేను విన్నది పావు వంతు పాట.

అందుకని మీకు చెప్పేదొకటే, అమ్మాయి ఇంట్లో పాడేది విని టీచర్ని అంచనా వేయకండి. ముందు తనది ఏ గొంతో అడగండి. తర్వాత ఆ పాట పేరు కనుక్కుని యూట్యూబ్‌లో పూర్తి క్వయర్ పాడింది ఒకసారి వినండి. ఈ పని నేను రెండేళ్ల ముందే చేసుండాల్సింది.

ఇంక చాంబర్ మ్యూజిక్. ఇది చిన్న బృందాల వాయిద్య సంగీతం. ముగ్గురో నలుగురో వాయిస్తారు, ముందు కర్ర పట్టుకుని నిలబడేవాళ్లుండరు. నలుగురివాటిలో పేరున్నది స్ట్రింగ్ క్వార్టెట్: రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. వయోలా అంటే చూడటానికి వయొలినే, కాస్త పెద్దది, తంతులు ఐదు స్వరాలు కిందికి శ్రుతి చేసి ఉంటాయి. ఆర్కెస్ట్రా పిల్లల్లో వయోలా మీద జోకులకు అంతుండదు, మావాడు వాటిని తనే ఇంటికి మోసుకొచ్చి చెప్తాడు. ఆ ఏడు వాడి బృందం వాయించింది ఆస్ట్రియా స్వరకర్త హైడన్ రాసిన ‘ఎంపరర్’ క్వార్టెట్‌లో రెండో భాగం. మొదటిసారి వినేవాళ్లకు ఇంతకంటే సులువైన దారి లేదు. ఒకే పాట, ఒక్క స్వరం మారకుండా ఐదుసార్లు వస్తుంది. మొదట మొదటి వయొలిన్ వాయిస్తుంది. తర్వాత రెండో వయొలిన్ అందుకుంటుంది, మొదటిది దాని చుట్టూ సన్నగా అల్లుకుంటూ పోతుంది. ఆ తర్వాత చెల్లోకి, దాని తర్వాత వయోలాకి, చివరికి మళ్లీ మొదటి వయొలిన్‌కి. మధ్యలో నలిగే వయోలాకి కూడా ఒక ఆవృత్తి పాట దక్కుతుంది. వాడి వంతు వచ్చినప్పుడు మొదటి వయొలిన్ వాయించే అమ్మాయి విల్లు తేలిక చేసి వాడివైపు చూసింది, ఇక నీదే అన్నట్టు. ఆ చూపు చూడాలంటే ముందు వరసల్లో కూర్చోవాలి.

మా అత్తయ్య ఆ ఏడు మాతోనే ఉన్నారు. విజయనగరం మనిషి, చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నారు. చలికి శాలువా కప్పుకుని, ఇది తనకేం అర్థమవుతుందిలే అన్నట్టు కూర్చున్నారు. క్వయర్ పాడుతున్నంతసేపూ ఆవిడ కళ్లు డైరెక్టర్ చేతి మీదే. ‘తాళం వేసేది ఈవిడొక్కతేనా? పాడేవాళ్లు వేసుకోరా?’ అని నా చెవిలో అడిగారు. హైడన్ మొదలై అర నిమిషం కాలేదు, ‘ఇది శంకరాభరణమే. అచ్చం నొట్టుస్వరంలా ఉంది’ అన్నారు.

ఇంటికొచ్చాక కుతూహలం కొద్దీ చదివాను. ఆవిడ ఊరికే అనలేదు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసులో ఇంగ్లీషు బ్యాండు ట్యూన్లు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టినవే నొట్టుస్వరాలు, దాదాపు నలభై ఉన్నాయి. మన పిల్లలు మొదట్లో నేర్చుకునే ‘శక్తి సహిత గణపతిం’ అందులోదే. ‘సంతతం పాహిమాం’ అయితే నేరుగా బ్రిటిష్ జాతీయగీతం ట్యూన్‌కే కట్టారు. హైడన్ లండన్ వెళ్లినప్పుడు విన్నదీ ఆ జాతీయగీతమే. మా దేశానికీ ఇలాంటిదొకటి ఉండాలనిపించి 1797లో ఆస్ట్రియాను ఏలుతున్న చక్రవర్తి రెండో ఫ్రాంజ్ కోసం ఈ పాట కట్టాడు, దాన్నే తర్వాత క్వార్టెట్‌లో పెట్టాడు. ఇప్పుడు జర్మనీ జాతీయగీతం ట్యూన్ అదే. ఆ రకంగా దీక్షితులవారి పాటకీ హైడన్ పాటకీ ఎక్కడో దూరపు చుట్టరికం ఉన్నట్టే. దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులే వయొలిన్‌ని మన సంగీతంలోకి తెచ్చినాయన. ఈ విషయం చెప్తే మావాడు రెండు రోజులు అందరికీ చెప్పుకుని తిరిగాడు.

మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా అత్తయ్య దగ్గరే దొరికింది. పాపకి క్వయర్‌లో వచ్చిన చిక్కు గట్టిగా పాడటం ఒక్కటే కాదు, గమకం. ఏడేళ్లు నేర్చుకున్న పిల్ల, రి మీద నిలబడమంటే దాని గొంతు దానంతటదే ఊగుతుంది. అక్కడ స్వరం గీత గీసినట్టు తిన్నగా నిలవాలి. లేకపోతే నాలుగు గొంతుల పొత్తు కుదరదు. వెస్ట్రన్ పాడి పాడి కీర్తన చప్పగా అయిపోతుందని నాకు టెన్షన్. అత్తయ్య మాత్రం తేలిగ్గా, ‘దానికేముందే, స్కూల్లో నొట్టుస్వరం పాడినట్టు పాడు, గురువుగారి దగ్గర కీర్తన పాడినట్టు పాడు’ అన్నారు. నొట్టుస్వరాలకు గమకాలుండవు కదా. ఆ ఒక్క మాటతో దానికి రెండు అరలు ఏర్పడ్డాయి. ఇప్పటికీ రెండూ పాడుతోంది, ఒకదాన్నొకటి చెడగొట్టడం నేను చూడలేదు.

పైగా మన పిల్లలకు కొంత లాభం ఉంది. టెక్సస్‌లో చాలా స్కూళ్ల బృందాలు వసంతంలోనే యూఐఎల్ (రాష్ట్రంలో స్కూళ్ల పోటీలు నడిపే సంస్థ) వాళ్ల పరీక్షకి వెళ్తాయి. స్టేజి మీద పాడినదానికి జడ్జీలు ఒకటి నుంచి ఐదు దాకా రేటింగ్ ఇస్తారు, ఒకటి మంచిది. తర్వాత ఇంకో గదిలో ఎన్నడూ చూడని పాట కాగితం ఇచ్చి, కొన్ని నిమిషాలు చూసుకోనిచ్చి పాడమంటారు. దానికోసం క్లాసులో డో రే మీ అంటూ చేత్తో గుర్తులు పడుతూ సాధన చేయిస్తారు. శ్రుతి ఎక్కడున్నా స అక్కడే అనుకుని సరళీస్వరాలు పాడిన పిల్లకి అది కొత్త విద్య కాదు. అచ్చుల సంగతీ అంతే. లాటిన్‌లో ‘ఆవే’ అన్నప్పుడు చివర ఏ మీదే ఆగాలి, ఇంగ్లీషు అలవాటులో అది ‘ఆవేయ్’ అయిపోతుంది. మనవాళ్లు ఏ అంటే ఏనే అంటారు.

వయొలిన్ విషయంలో మాత్రం జాగ్రత్త. మనవాళ్లు కింద కూర్చుని, వాద్యం తల పాదం మీద ఆనించి, తంతులు స ప స ప గా శ్రుతి చేసుకుంటారు. స్కూల్లో కుర్చీలో కూర్చుని గడ్డం కింద పట్టుకుంటారు, శ్రుతి వేరు. ఒకే వయొలిన్‌ని రెండింటికీ మార్చి మార్చి బిగిస్తే తంతులు తెగుతాయి, పిల్లాడి చెవి కూడా విసుగెత్తుతుంది. మేం రెండు తెగ్గొట్టుకున్నాక, స్కూల్‌ది స్కూల్‌కే వదిలేసి ఇంట్లో పాతది వేరే పెట్టాం.

లాటిన్ చర్చి పాటలు పాడిస్తున్నారే అని కూడా కొందరు అడుగుతుంటారు. ఈ సంగీతంలో చాలా భాగం పుట్టింది చర్చిలో, మన కీర్తనలు గుడి దగ్గర పెరిగినట్టే. మాకు అభ్యంతరం అనిపించలేదు. మీకు అనిపిస్తే సెమిస్టర్ మొదట్లోనే టీచర్‌తో మాట్లాడండి, వారం ముందు కాదు.

ఇక ఆరోజు సంగతులు. పిల్లల్ని కాన్సర్ట్ టైం కంటే ముందే రమ్మంటారు, మాకు ముప్పావుగంట ముందు. చాలాచోట్ల కాన్సర్ట్‌కి రావడానికి గ్రేడు ఉంటుంది, ఆ రోజు బర్త్‌డే పార్టీలు ఒప్పుకోకండి. పట్టుచీరలు అక్కర్లేదు, జీన్స్‌లో వచ్చేవాళ్లూ ఉంటారు. లోపల పాట నడుస్తుంటే తలుపు దగ్గరే ఆగి, చప్పట్లప్పుడు లోపలికి వెళ్లాలి.

చప్పట్ల దగ్గర మేం పరువు పోగొట్టుకున్నాం. ప్రోగ్రాం కాగితంలో ఒక పాట పేరు కింద కొంచెం లోపలికి జరిపి రెండు మూడు వరసలుంటే, అవన్నీ ఒకే రచనలో భాగాలు. మధ్యలో నిశ్శబ్దం వస్తుంది కానీ అయిపోయినట్టు కాదు. ఆ నిశ్శబ్దంలో మా కుటుంబం నలుగురమే, అదీ ఈలతో సహా, చప్పట్లు కొట్టాం. ఈల మా ఆయనది. పాప ఆ రాత్రి మాతో కారులో మాట్లాడలేదు. డైరెక్టర్ చేతులు పూర్తిగా కిందికి దించేదాకా ఆగితే ఏ ఇబ్బందీ లేదు.

వీడియో సంగతికొస్తే, మొదటి కాన్సర్ట్ నేను మొత్తం ఫోన్‌లోనే చూశాను. ఇప్పుడు తీసి చూస్తే ముందు సీటాయన బట్టతల, దాని వెనక ఎక్కడో క్వయర్. స్కూల్ వాళ్లు రికార్డు చేస్తారేమో ముందు కనుక్కోండి. చేస్తే ఫోన్ లోపల పెట్టేయండి. ఇంకోటి, మన పిల్ల పాట అయిపోగానే లేచి వెళ్లిపోయేవాళ్లలో మనవాళ్లు కూడా ఉంటారు, చెప్పడానికి బాధగానే ఉంది. చివర పాడే బృందానికి సగం ఖాళీ కుర్చీలు కనిపిస్తాయి. వాళ్లూ పిల్లలే కదా.

బట్టలు స్కూల్ వాళ్లే చెప్తారు, ఎక్కువగా నలుపే. గౌను పొడుగు రెండు వారాల ముందే చూసుకుని అంచు మడిచి కుట్టించండి. మావాడు అన్నీ సరిగ్గా వేసుకుని తెల్ల సాక్సులతో బయల్దేరాడు, పార్కింగ్‌లో వాళ్ల నాన్న తన కాళ్లవి విప్పి ఇచ్చారు. నల్ల సాక్సులు రెండు జతలు కొనండి, ఒకటి కారులోనే ఉంచండి.