చూసినంతే చెప్పు

ఒంగోలు,
ఆదివారం మధ్యాహ్నం.

చిట్టితల్లికి పెదనాన్న దీవెనలు.

నువ్వు ఫోనులో పంపిన మాటలు రెండుసార్లు విన్నాను. రెండోసారి మీ పెద్దమ్మ కూడా విన్నది. కోపం తెచ్చుకోకు, ఇంట్లో దాపరికం నాకు చేతకాదు. ఏడుస్తూ మాట్లాడావు కాబట్టి సగం అర్థం కాలేదు. అర్థమైనంతలో సంగతి ఇది. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి, పడుకోకుండా చర్చికి తయారవుతుంటే నీ గదిలో ఉండే అమ్మాయి అడిగింది: "ఇంత అలసిపోయి కూడా వెళ్తావు, అక్కడ ఏముంది?" నువ్వు నవ్వేసి, "ఏమీ లేదు, వెళ్లకపోతే మా అమ్మ ఊరుకోదు" అన్నావు. ఆ అమ్మాయి సరే అని అటు తిరిగి పడుకుంది. నీకు మాత్రం మర్నాడు రాత్రి కూడా నిద్ర పట్టలేదు.

"ఏసును ఎరగనని పేతురు పనిపిల్ల ముందు బొంకినట్టు బొంకాను" అన్నావు. అంత దూరం వెళ్లనక్కరలేదు. నీ సంగతి యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. పుట్టుగుడ్డివాడికి ఏసు చూపు ఇచ్చాక పెద్దలు అతని తల్లిదండ్రులను పిలిచి అడిగారు. సమాజమందిరంలోంచి వెలివేస్తారని భయపడి, "వాడు వయసు వచ్చినవాడు, వాణ్నే అడగండి" అని తప్పించుకున్నారు. వాళ్లు కొడుకు మీదికి నెట్టారు, నువ్వు అమ్మ మీదికి నెట్టావు. మీ అమ్మకు చెప్పను, భయపడకు.

మా అమ్మ డోర్నకల్ వైపు నుంచి వచ్చిన మనిషి. అక్కడ బిషప్ అజరయ్య గారు, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయినవారు, బాప్తిస్మం పొందినవాళ్ల చేతులు వాళ్ల తల మీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారట. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు వణుకు. శ్రమ అంటే దేవుడు వేసే శిక్ష అనుకునేవాణ్ని. చాలా ఏళ్లకు తెలిసింది, అది చెప్పకపోతే ఉండలేని మనిషి అవస్థ అని. నువ్వు రాత్రంతా ఏడ్చావే, అదే ఆ శ్రమ. నీకు ధైర్యం లేదని నువ్వు అనుకుంటున్నావు. చెప్పాల్సింది ఏమీ లేనివాళ్లు ఇలా ఏడవరమ్మా.

ధైర్యం ఎక్కడ దొరుకుతుందని అడిగావు. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం మళ్లీ చదువు. పేతురు, యోహాను అధికారుల ముందు నిలబడి మాట్లాడి, బెదిరింపులు తిని, తమవాళ్ల దగ్గరికి వచ్చారు. వచ్చాక ఏమని ప్రార్థించారు? ఆ బెదిరింపులు ఆగిపోవాలని కాదు, ధైర్యం ఇమ్మని. అప్పటికే ధైర్యంగా మాట్లాడినవాళ్లు మళ్లీ ధైర్యం అడుగుతున్నారు! అంటే అది మొదటి తారీఖున ఒక్కసారే చేతికొచ్చే జీతం కాదు, ఏ రోజుకు ఆ రోజు దొరికే కూలి. పౌలు కూడా సంకెళ్లలో ఉండి, నాకు ధైర్యం కలిగేలా ప్రార్థించండని ఎఫెసువాళ్లకు రాశాడు. కొరింథుకు భయంతో వణుకుతూ వచ్చానని తానే ఒప్పుకున్నాడు. కాబట్టి వణుకు పోయాక మాట్లాడతానని కూర్చోకు. నాకు 71 ఏళ్లు వచ్చాయి, ఇంకా పోలేదు.

ఇక నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. 32 ఏళ్లు కోర్టులో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం బెంచి క్లర్కుగా, సాక్షి బోనుకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నాను. సాక్ష్యం అన్న మాట మన చర్చిలోనూ ఉంది, కోర్టులోనూ ఉంది. దాని అర్థం నాకు కోర్టులోనే తెలిసింది.

ఒకసారి పొలం గట్టు తగాదాలో గేదెలు కాసుకునే ముసలమ్మ సాక్షిగా వచ్చింది. బోను కర్రను రెండు చేతులతో పట్టుకుంది, చేతులు వణుకుతున్నాయి. అవతలి వకీలు పేరున్నవాడు. "గట్టు ఎన్ని గంటలకు తవ్వారు?" "గడియారం లేదయ్యా, గేదెలను చెరువు నుంచి తోలుకొస్తున్నాను." "ఎన్ని గజాలు తవ్వారు?" "కొలవలేదు." "సర్వే నంబరు?" "తెలియదు." ఆయన జడ్జి గారి వైపు తిరిగి నవ్వి, "అయితే నీకేమీ తెలియదన్నమాట" అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి, "పార ఎవరి చేతిలో ఉందో తెలుసు" అన్నది. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ వకీలు ఇంకో ప్రశ్న వేయలేదు.

పాఠం చెప్పించుకుని వచ్చే సాక్షులనూ చూశాను. ఇస్త్రీ చొక్కా, గడగడా తేదీలు. క్రాస్‌లో, అంటే అవతలి వకీలు అడిగేటప్పుడు, మూడో ప్రశ్నకు తన వకీలు ముఖం చూస్తారు. మన యువకులకు కరపత్రాలు బట్టీ పట్టించి పంపినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. కరపత్రాలు తప్పని అనడం లేదు, నేనూ సంచుల కొద్దీ పంచాను. కానీ నీ గదిలో అమ్మాయి అడిగింది కరపత్రంలో ఉన్నది కాదు, నిన్ను అడిగింది. ఆ గుడ్డివాణ్నీ పెద్దలు ఏసు పాపి కదా అని గుచ్చి గుచ్చి అడిగారు. అది నాకు తెలియదు, నాకు తెలిసింది ఒకటే, గుడ్డివాణ్ని, ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. ఆ ముసలమ్మ పార లాంటి జవాబు.

మరి నువ్వు చూసింది ఏమిటి? లారీ గుద్దాక మీ నాన్న ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నాడు. ఆ డ్రైవరు భార్యను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. మీ నాన్న కోపం ఎలాంటిదో ఊరికంతా తెలుసు కాబట్టి నేను లేచి నిలబడ్డాను, అడ్డుపడాలని. మీ నాన్న గోడవైపు తిరిగి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నిన్ను పిలిచి, "పిల్లలు ఆకలిమీద ఉన్నట్టున్నారు, అన్నం పెట్టు" అన్నాడు. వడ్డించింది నువ్వే. ఏసుప్రభువు మీ ఇంట్లో ఏం చేశాడని ఎవరైనా అడిగితే అది చెప్పు. కాలు బాగైందని మాత్రం చెప్పకు. బాగవలేదు, ఇప్పటికీ కుంటుతున్నాడు. మన కూటాల్లో కొందరు సాక్ష్యం చెబుతూ ఏటేటా జబ్బు పెంచుతారు. మొదటి ఏడు జ్వరం, రెండో ఏడు టైఫాయిడ్, మూడో ఏడు డాక్టర్లు చేతులెత్తేశారు! దేవుడికి మన అబద్ధం ఊతకర్ర అవసరం లేదు. అబద్ధం కలిపినవాడికే నోరు తడబడుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడికి గుర్తుపెట్టుకునే పని కూడా ఉండదు.

ఇంకొక మాట. చెప్పేటప్పుడు మన చర్చి తెలుగు వద్దు. "రక్షింపబడ్డావా", "ఆత్మీయంగా బలపడ్డాను", "వాక్యం నన్ను దర్శించింది" అంటే ఆ పిల్లకు ఏమర్థమవుతుంది? అన్నం పెట్టాడు అంటే అర్థమవుతుంది.

నా తప్పు కూడా చెబుతాను. మా కోర్టులో నాజర్ గారని పిలిచే పెద్దమనిషి (నాజర్ అన్నది ఉద్యోగం పేరు), శుద్ధ నిష్ఠాపరుడు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర తినేవాళ్లం. ఆయన దద్దోజనం తెచ్చుకునేవారు, నా క్యారియర్‌లోంచి గోంగూర పచ్చడి అడిగి మరీ వేసుకునేవారు. నేను ఏ పల్లె వాణ్నో, ఏ కులం వాణ్నో తెలిసి, నలుగురూ చూస్తుండగా. ఆ రోజుల్లో ధైర్యమంటే అది, నాది కాదు. ఒక వేసవిలో ఉజ్జీవ కూటాలకు వెళ్లి మండుతూ తిరిగొచ్చాను. మర్నాడే, అందరూ వింటుండగా, ఆయన పూజించేది రాళ్లనని అన్నాను. నాలుగు వచనాలు కూడా అప్పజెప్పాను. ఆయన ఒక్క మాట అనలేదు. డబ్బా మూత పెట్టి లేచారు. ధైర్యంగా సాక్ష్యమిచ్చానని ఆ రాత్రి మీ పెద్దమ్మతో గొప్పలు చెప్పుకున్నాను. 14 నెలలు ఆయన తన బల్ల దగ్గర ఒక్కరే తిన్నారు.

చివరికి రికార్డు గదిలో ఒంటరిగా దొరికినప్పుడు క్షమించమని అడిగాను. కాళ్లు వణికాయి. కూటాలలో వందమంది ముందు మాట్లాడినప్పుడు వణకనివి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మీ దేవుడు పంపించాడా, మీరే వచ్చారా?" అన్నారు. "రెండూ అండీ" అన్నాను. మర్నాడు డబ్బా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. కొన్నేళ్లకు వాళ్ల ఇంటావిడకు ఆపరేషన్ అయినప్పుడు, మీ ప్రార్థనలో మా ఆవిడ పేరు చెప్పండి అని అడిగారు. చివరిదాకా తన పూజ తాను చేసుకున్నారు, వెళ్లిపోయారు. నేను ఆయనకు ఏసును గురించి చెప్పగలిగింది ఆ రికార్డు గదిలోనే అనిపిస్తుంది.

నీ ఉద్యోగం సంగతి గట్టిగా చెప్పాలి. రోగుల దగ్గర బోధ వద్దు. సెలైన్ ఎక్కుతున్న మనిషి లేచి వెళ్లిపోలేడు. వినడం ఇష్టం లేక వెళ్లిపోయే వీలు లేనివాడి ముందు మాట్లాడటం ధైర్యం కాదు. 1876లో మొదలైన పెద్ద కరువులో మన ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆ కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశారు. అన్నం కోసం వచ్చినవాడెవడో, ప్రభువు కోసం వచ్చినవాడెవడో తేలాలని. కరువు తీరాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మనవాళ్లందరికీ కంఠతా వచ్చు. దానికి ముందు ఆయన పట్టిన ఓపిక మాత్రం ఎవరూ చెప్పుకోరు. రోగి తానే అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పు, నీ పని నువ్వు చేసుకో. సూది నొప్పి తెలియకుండా వెయ్యి.

ఆ 2,222 కంటే నాకు యెర్రగుంట్ల పేరయ్య అంటే ఇష్టం. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి. క్లౌ 1866లో ఒంగోలు రాకముందే, వ్యాపారం మీద తిరుగుతూ ఈ మాట విన్నాడు. ఊరికి వచ్చి సభ పెట్టలేదు. బంధువులకు చెప్పాడు, తోళ్లు కొనే చోట, అమ్మే చోట చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ వాళ్ల ఊరికి వెళ్లేసరికి బాప్తిస్మానికి 28 మంది సిద్ధంగా ఉన్నారు.

పేరయ్య కులం పేరు కావాలనే రాశాను. పేతురును అతని యాసే పట్టించింది కదా, గలిలయవాడివని. మనల్ని ఇంటిపేరు పట్టిస్తుంది. మనలో చాలామందికి నోరు పెగలకపోవడానికి దేవుడి సంగతి కారణం కాదు. క్రైస్తవురాలిని అనగానే ఎదుటివాళ్ల చెవికి కులం వినబడుతుందని భయం. ఆ తర్వాత, మిషన్ పంచిన గోధుమ రవ్వ కోసం మతం మారినవాళ్లు అన్న మాట వస్తుందేమోనని ఇంకో భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. అందుకని కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతికే కుటుంబాలు ఎన్నో. వాళ్లను తప్పుపట్టను, పొట్ట తిప్పలు నాకు తెలుసు. కానీ ఆ దాగుడుమూతలు నోటికి తాళం వేస్తాయి. నేనూ మీ నాన్నా, క్రైస్తవులైన దళితులకు ఇచ్చే బీసీ-సి పత్రం మీదే చదువుకున్నాం, ఆ పత్రమే నీకూ ఉంది. నువ్వు దాచాల్సింది ఏమీ లేదు. మీ ముత్తవ్వకు ఊరి బావి దగ్గర చేద ముట్టుకునే హక్కు లేదు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడాల్సింది ఆమె మునిమనుమరాలు కాదు. మన సంఘాల్లో కులం లేదని మాత్రం గొప్పలు చెప్పకు, అది కూడా దొంగసాక్ష్యమే.

చట్టం సంగతి క్లుప్తంగా. రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని ఆచరించే హక్కుతో పాటు ప్రచారం చేసే హక్కూ ఉంది. ప్రచారమంటే ఎదుటివాళ్లను మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద మనవాళ్లకు గుర్రు. నాకు లేదు. మార్చడం నా పనని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇక ఈ వారం చేయాల్సింది. ఇద్దరికీ డ్యూటీ లేని సాయంత్రం చూసుకుని, టీ పెట్టి, "ఆ రోజు నువ్వు అడిగితే మా అమ్మ మీదికి నెట్టేశాను. నిజం అది కాదు. వినే ఓపిక ఉంటే చెబుతాను" అను. ఉందంటే మీ నాన్న, ఆ డ్రైవరు, ఆ అన్నం సంగతి చెప్పు. ఐదు నిమిషాలు చాలు. ఇప్పుడు కాదులే అంటే టీ తాగి ఊరుకో, ముఖం ముడుచుకోకు. తెలియనిది అడిగితే తెలియదను. ఆ అమ్మాయి శనివారం ఒక్కపొద్దు ఉంటుందన్నావు. ఎందుకు ఉంటుందో ఎప్పుడైనా అడిగావా? అడుగు, మధ్యలో అడ్డుపడకుండా విను. మనం వినకుండా మన మాట వినమంటే ఎవరు వింటారు?

గురువారం మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి పెట్టింది. సీసా బస్సులో పార్సిల్ వేశాను, రేపు ఉదయం అందుతుంది. మూత గట్టిగా బిగించాను, చెంచా పెట్టి తియ్యి. కారం కాస్త ఎక్కువైంది. ఆ అమ్మాయికి పెట్టేటప్పుడు నెయ్యి వేసి పెట్టు, శనివారం మాత్రం కాదు.

మీ పెదనాన్న