చంటిదానికి వెయ్యరు, అందుకే నీకు

బంగారూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి "వేయించుకో" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఫోన్ పెట్టేశాక మనసొప్పలేదు. పిల్లల డాక్టరేమో ఫ్లూ టీకా వేయించుకోమంటున్నాడు, మీ అత్తగారేమో "పాలిచ్చేదానికి సూదులేంటి, ఆ మందంతా పాలల్లోకి దిగదూ" అంటున్నారు. మధ్యలో నీకు టెన్షన్. ముప్ఫై మూడేళ్ళు ఏఎన్ఎంగా వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగినదాన్ని, సొంత చెల్లెలి కూతురికి ఆమాత్రం వివరంగా చెప్పకపోతే ఎట్లా? చంటిది పడుకున్నాక తీరిగ్గా చదువుకో.

ఆరు నెలలు నిండని పిల్లలకి ఫ్లూ టీకా వెయ్యరు. ఆ వయసు వాళ్ళకి పనికొచ్చే ఫ్లూ టీకా లేదు. కానీ ఫ్లూ తగిలితే ఎక్కువ ఇబ్బంది పడేదీ ఆ పసివాళ్ళే. ఊపిరి గొట్టాలు సన్నగా ఉంటాయి. ముక్కు దిబ్బడ వేస్తే పాలు చీకలేరు, పాలు తాగకపోతే గంటల్లో నీరసపడిపోతారు. నీ కూతురికింకా ఏడో వారం. దానికి వెయ్యలేని టీకా నీకు వేస్తున్నారన్నమాట.

ఏడో నెలలో ఉన్నప్పుడే వేయించుకోమన్నాను, గుర్తుందా? "తర్వాత చూద్దాంలే పెద్దమ్మా" అన్నావు. అప్పుడు వేయించుకుని ఉంటే నీ రక్తంలో తయారైన, రోగాన్ని ఎదిరించే యాంటీబాడీలు మాయ (ప్లాసెంటా) గుండా బిడ్డకి చేరి, పుట్టిన మొదటి నెలల్లో కాపు కాసేవి. సరే, అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడు వేయించుకుంటే పాల ద్వారా కొన్ని యాంటీబాడీలు వెళ్తాయి. మాయ గుండా వెళ్ళినంత గట్టి రక్షణ అనుకోకు. అసలు లాభం ఇంకోటుంది. నీకు ఫ్లూ రాకపోతే నీ నుంచి దానికి రాదు. రాత్రీ పగలూ కలిపి పది పన్నెండు సార్లు దాని మొహంలో మొహం పెట్టి పాలిచ్చేది నువ్వు. పైగా ఫ్లూ ఎట్లాంటిదంటే, జ్వరం బయటపడటానికి ఒకరోజు ముందు నుంచే పక్కవాళ్ళకి అంటుతుంది. "జలుబు చేస్తే దూరంగా ఉంటాలే" అనుకుంటే, నీకు తెలిసేలోపే అది దాటిపోయి ఉంటుంది.

మీ అత్తగారి భయం సంగతి. సూదిలో ఉండేది చచ్చిన వైరస్ ముక్కలు. అవి పెరగవు, నీకు జబ్బు తేలేవు, ఇక బిడ్డకేం తెస్తాయి? పాలు చేదెక్కవు, తగ్గవు, వేడి చెయ్యవు. ముక్కులో కొట్టే రకం కూడా ఒకటుంది, అందులో బలం తగ్గించిన బతికున్న వైరస్ ఉంటుంది. పాలిచ్చే తల్లులకి అదీ ఇవ్వొచ్చంటారు గానీ, ఇంట్లో ఇప్పటికే ఇంత చర్చ నడుస్తోంది, నువ్వు సూదే అడుగు. పాలిచ్చేవాళ్ళు నిజంగా ఆలోచించుకోవాల్సిన టీకా ఎల్లో ఫీవర్‌ది. అది ఆఫ్రికా లాంటి చోట్లకి వెళ్ళేవాళ్ళకి వేసేది, నువ్వు వెళ్ళేదేమీ లేదుగా.

నా కథ ఒకటి చెప్పాలి. మీ అమ్మకి తెలుసు, నీకు చెప్పి ఉండదు. మీ అన్నయ్య రెండు నెలల పిల్లాడప్పుడు నాకు పెద్ద జ్వరం, ఒళ్ళంతా సుత్తితో కొట్టినట్టు నొప్పులు. ఇప్పుడు తలుచుకుంటే ఫ్లూ అనే అనిపిస్తుంది, అప్పుడెవరు పరీక్ష చేశారు? జ్వరం పాలు తాగితే పిల్లాడికీ వస్తుందని ఇంట్లో పెద్దవాళ్ళు నాలుగు రోజులు పాలు మాన్పించారు. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళు. ఊళ్ళో బాలింతలందరికీ "జ్వరమొచ్చినా పాలు ఆపొద్దు" అని చెప్పేదాన్ని, మా అత్తగారి ముందు మాత్రం నోరు పెగల్లేదు. పాలు గడ్డలు కట్టి జాకెట్టు తగిలినా ప్రాణం పోయేది. పిల్లాడికి డబ్బా పాలు పట్టారు, సీసా సరిగ్గా ఉడకబెట్టలేదేమో, విరేచనాలు పట్టుకున్నాయి. జ్వరం రాకుండా చూద్దామని ఇంకో జబ్బు తెచ్చాం. అందుకే చెప్తున్నా, టీకా రోజు గానీ, తర్వాత గానీ, రేపెప్పుడైనా నిజంగా ఫ్లూ వచ్చినా సరే, పాలు మాత్రం ఆపకు. జ్వరమొస్తే మాస్కు పెట్టుకో, చేతులు సబ్బుతో కడుక్కుని పట్టుకో. మరీ లేవలేకపోతే పాలు పిండి గిన్నెలోకి తీస్తే మీ అమ్మ ఉగ్గుగిన్నెతో పడుతుంది. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ మాత్ర వేసుకుంటూ కూడా పాలివ్వొచ్చు. "రెండు రోజులు పాలు పిండి పారబొయ్యి" అని ఎవరైనా అంటే, ఆ మాట అన్నది తెల్లకోటు వేసుకున్న మనిషైనా సరే, ఇంకో డాక్టరుని అడుగు. మన బంధువులమ్మాయికి ఒక క్లినిక్‌లో ఇట్లాగే చెప్పారు, పాపం మూడు రోజులు ఏడ్చింది.

ఇక ఎప్పుడు, ఎక్కడ. మూడో నెల వెళ్ళగానే హైదరాబాదు పంపిస్తామంటోంది మీ అమ్మ, అంటే సెప్టెంబరు ఆఖరు. మన దగ్గర ఫ్లూ రెండు విడతలుగా ఎగబాకుతుంది, చలికాలం చివర ఒకసారి, వానలప్పుడు ఒకసారి. నువ్వు సరిగ్గా ఆ రెండో విడతలో వెళ్తున్నావు. టీకా పనిచెయ్యడానికి రెండు వారాలు పడుతుంది. అందుకని రైలెక్కే ముందు రోజు కాదు, ఈ వారమే వేయించుకో. ఉపకేంద్రంలో బుధవారం, శనివారం పిల్లలకి వేసే ఉచిత టీకాల్లో ఇది లేదు. డబ్బు పెట్టుకోవాల్సిందే. మీ పిల్లల డాక్టరు దగ్గర ఫ్రిజ్‌లో ఉందేమో, ధర ఎంతో, ముందే ఫోన్ చేసి కనుక్కో.

డబ్బా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు, సిగ్గుపడకు. గడువు తేదీ, ఏ ఏడాదిదో రాసి ఉంటుంది. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది, టీకా కూడా ఏటా మారుతుంది. అందుకే పోయినేడు మిగిలిపోయింది వద్దు. దక్షిణార్ధ గోళం రకం, ఉత్తరార్ధ గోళం రకం అని రెండు వస్తాయి. గడువులో ఉన్నది ఏది దొరికితే అది వేయించుకో, రెండోదాని కోసం నెలలు ఎదురుచూడొద్దు. మూడు రకాల వైరస్‌లదా, నాలుగు రకాలదా అని కూడా బుర్ర పాడుచేసుకోకు. నాలుగోది, బి యమగాట అనేది, 2020 మార్చి తర్వాత ఎక్కడా కనపడటం లేదు. మీ అత్తగారు స్వైన్ ఫ్లూ గురించి అడిగితే చెప్పు, 2009 మేలో మన దేశంలో మొదటి కేసు తేలింది హైదరాబాదులోనే. అది ఎక్కడికీ పోలేదు, ఏటా వచ్చే ఫ్లూలో కలిసిపోయింది, ఈ టీకాలో దానికీ మందుంది.

ఇదేమీ వజ్రకవచం కాదు. టీకా వైరస్‌కి బాగా కుదిరిన ఏడాది కూడా, ఫ్లూతో డాక్టరు దగ్గరికి పరిగెత్తే అవసరం 40 నుంచి 60 శాతం వరకే తగ్గుతుంది. వచ్చినా మాత్రం అంత ముదరదు. మామూలు జలుబుని ఇది ఆపదు, కాబట్టి వచ్చే నెల ముక్కు కారితే "నీ టీకా పనిచెయ్యలేదు పెద్దమ్మా" అని నాకు ఫోన్ చెయ్యకు.

ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కొంచెం ఒళ్ళు వెచ్చబడటం ఉండొచ్చు. పారాసిటమాల్ వేసుకో, పాలిచ్చేవాళ్ళకి అది మంచిదే. ఇదివరకు ఏ టీకాకైనా ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడకపోవడం లాంటిది జరిగి ఉంటే, లేదా ఆ రోజు గట్టి జ్వరం ఉంటే, సూదికి ముందే చెప్పాలి. కోడిగుడ్డు పడదని మానేసే రోజులు పోయాయి. వేయించుకున్నాక పావుగంట అక్కడే కూర్చో, ఆ పావుగంటలో చంటిదానికి పాలివ్వు.

నీ ఒక్కదానితో అయ్యే పని కాదిది. హైదరాబాదులో మీ తోటికోడలి పిల్లలిద్దరూ స్కూలుకి వెళ్తారు, ఫ్లూని ఇంటికి మోసుకొచ్చేది వాళ్ళే. మీ ఆయన, మీ అమ్మ, ఆ పిల్లలు, అందరూ వేయించుకుంటే మంచిది. మీ అత్తగారికి షుగరుంది, ఆవిడకి మరీ అవసరం. "అత్తయ్యా, మనిద్దరం వేయించుకుందాం" అని అడిగి చూడు. వాదన పెట్టుకుంటే పంతం పెరుగుతుంది. కాదంటే నాకు ఫోన్ కలుపు, వదినగారితో నేను మాట్లాడతాను.

ఒకటి మాత్రం ఎవరినీ అడక్కుండా చెయ్యి. చంటిదానికి 100.4 ఫారెన్‌హీట్ జ్వరం తగిలినా, పాలు పట్టకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలిరంగు తిరిగినా, దిష్టి తీస్తూ, సాంబ్రాణి వేస్తూ కూర్చోకండి. రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో థర్మామీటరు ఉందా? లేకపోతే టీకాకి వెళ్ళిన రోజే ఒకటి కొనుక్కో.

నువ్వు బిడ్డని ఎడమ చేతిమీద వేసుకుంటావు కదా, సూది కుడిచేతికి వెయ్యమను. వేశాక డబ్బామీద బ్యాచ్ నంబరు ఫోటో తీసి నాకు పంపు, పాత అలవాటు, రాసిపెట్టుకుంటాను.

మీ పెద్దమ్మ