కరోనా సాయం చిక్కబళ్లాపురం పూల రైతులకు అందిందా?

లాక్‌డౌన్‌లో నష్టపోయిన పూల రైతులకు కర్ణాటక ప్రభుత్వం ఇస్తానన్న డబ్బు అందిందా అని అడిగారు. అందింది. కాకపోతే పంట వేసినవాడికి కాదు, పహణీలో, అంటే ప్రభుత్వ భూమి రికార్డులో, పేరున్నవాడికి.

నేనుండేది బెంగళూరు. మా మేనమామది చిక్కబళ్లాపురం జిల్లా బాగేపల్లి దగ్గర పల్లె. ఆయనకు సొంత భూమి లేదు. ఇరవై గుంటలు, అంటే అరెకరం, గుత్తకు తీసుకుని చామంతి వేస్తాడు. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది, సరిగ్గా ఆ రోజే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఉగాది బేరం కోసమే పెంచిన పూలవి. బెంగళూరు పూల బేరమంతా జరిగే కేఆర్ మార్కెట్ మూత, గుళ్లు మూత, పెళ్లిళ్లు వాయిదా. కోస్తే కూలి దండగ, కోయకపోతే చెట్టుకే కుళ్లు. చివరికి మామ ట్రాక్టర్ పిలిపించి పూలతో సహా దున్నించేశాడు. ఆ ట్రాక్టర్ బాడుగ కూడా అప్పే.

మే 6న అప్పటి ముఖ్యమంత్రి యడియూరప్ప 1,610 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అందులో పూల రైతుకు హెక్టారుకు 25,000 రూపాయలు, అదీ ఒక్క హెక్టారు వరకే. టీవీలో వినడానికి బాగానే ఉంటుంది. గుంటల్లోకి దించితే గుంటకు సుమారు 250. మామ పొలానికి 5,000. పెట్టుబడిలో ఏ మూలకూ రాదు, అయినా ఆ రోజుల్లో ఐదు వేలంటే మాటలా?

ఆ పొలం ఆసామి రిటైరై బెంగళూరులోనే, మా ఇంటికి దగ్గర్లో ఉంటాడు. "ఒకసారి పోయి కనుక్కోరా, గట్టిగా మాత్రం అడగొద్దు" అన్నాడు మామ. వెళ్లాను. మాస్కు ముక్కు కిందికి దించుకుని, కాఫీ ఇప్పించి, ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ తనే చూపించాడు. "నేనేం అర్జీ పెట్టలేదు నాయనా, వాటంతటవే పడ్డాయి. మీ మామకు చెప్పు, వచ్చే ఏడు గుత్తలో తగ్గించుకుందాం." మనిషి చెడ్డవాడేం కాదు. కానీ వచ్చే ఏడు గుత్త తగ్గలేదు, మామ అడగలేదు. అడిగితే పొలం ఇంకొకరికి పోతుంది.

కర్ణాటకలో 1974లో భూసంస్కరణల చట్టం సవరించి వ్యవసాయ భూమిని కౌలుకివ్వడమే నిషేధించారు. దున్నేవాడిదే భూమి అన్నారు, ఉద్దేశం మంచిదే. ఇప్పుడు గుత్త అంతా నోటిమాట మీదే నడుస్తుంది, రాసిచ్చే ధైర్యం ఎవరికీ లేదు. కాగితం మీద లేని రైతుకు ఏ సర్కారు మాత్రం డబ్బు వేస్తుంది? ఆధార్, బ్యాంకు లింక్ అని ఎంత పకడ్బందీగా చేసినా, అది తప్పు మనిషికి డబ్బు త్వరగా చేర్చడానికే పనికొచ్చింది.

పీఎం కిసాన్ సంగతీ అంతే. 2020 ఏప్రిల్‌లో వేసిన 2,000ను కరోనా సాయం అని ఊదరగొట్టారు. అది ఏటా ఇచ్చే 6,000లో మొదటి వాయిదాయే, కాస్త ముందుగా వేశారు. అదీ భూమి పేరున ఉన్నవాళ్లకే. ఇక రెండో వేవ్‌లో, 2021 మేలో, హెక్టారుకు 25,000 కాస్తా 10,000 అయింది. నష్టం ఏమైనా తగ్గిందా? పూలు మళ్లీ గుట్టలుగా పారబోశారు. మా అపార్ట్‌మెంట్‌లో మాత్రం మూర పూలకు ఐదు రూపాయలు ఎక్కువైందని గ్రూపులో గొడవ!

ఆంధ్రలో నయం అంటారు. బాగేపల్లి దాటితే ఆంధ్రే కదా, అక్కడ 2019 చట్టంతో కౌలుదారుకు సాగు హక్కు కార్డు ఇస్తున్నారు, అప్పటి రైతు భరోసా సాయం పథకంలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లను కూడా చేర్చారు. నయమే. కానీ ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. ఇవాళ సంతకం పెడితే రేపు కౌలుదారు పొలం తనదంటాడేమోనని ఆసామికి భయం. మా మామ పొలం ఆసామి అక్కడున్నా కాఫీ ఇంకోసారి ఇప్పిస్తాడు తప్ప సంతకం పెట్టడు.