జూ చూడ్డానికి వెళ్తూ మాత్రలు మానేస్తారా?

ప్రశ్న: మాది హన్మకొండ. ఈ ఆదివారం బస్సులో హైదరాబాద్ జూ పార్కుకు వెళ్తున్నాం. మా బాబుకు 4 ఏళ్లు, బస్సెక్కితే వాంతులు. పెద్దవాళ్ల మాత్ర సగం వేయొచ్చా? మా అత్తమ్మకు 62 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి, పాదాలు తిమ్మిర్లు. పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుని టిఫిన్ అక్కడే చేస్తానంటోంది. దారిలో బాత్రూంకి ఇబ్బందని బీపీ మాత్ర ఆ రోజుకు మానేస్తుందట.

సలహా: బాబుకు సగం మాత్ర వద్దు. పిల్లలకు డోసు బరువును బట్టి ఉంటుంది. మీ పిల్లల డాక్టరుకు చూపించి సిరప్ రాయించుకోండి. కొద్దిగా తినిపించి ముందు సీట్లో కూర్చోబెట్టండి, ఫోన్ చేతికివ్వకండి.

నా భయమంతా మీ అత్తమ్మ గురించే. మాత్ర పేరు రాయలేదు. అందులో గ్లిమెపిరైడ్ లాంటి మందు ఉంటే వేసుకున్న వెంటనే తినాల్సిందే. పరగడుపున మాత్ర, గంటల ప్రయాణం, ఆపైన ఎండలో నడక అంటే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఎండదెబ్బ అనుకుని నీడలో కూర్చోబెట్టి విసురుతారు. ఆ లోపు పరిస్థితి చేయి దాటుతుంది. అనుమానం రాగానే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

బీపీ మాత్ర సొంతంగా మానడం ఏంటమ్మా? పెళ్లికి వెళ్తే ఒకరోజు, ఊరెళ్తే ఒకరోజు అంటూ మానేసి, తల తిరుగుతోందని వచ్చేవాళ్లను రోజూ చూస్తున్నాను. అది మూత్రం ఎక్కువ వచ్చే మందైతే వేళ మార్చాలా, డోసు తగ్గించాలా అన్నది ఆమెను చూసే డాక్టరు చెప్పాలి. చీటీ చూడకుండా నేను చెప్పలేను. శనివారం లోపే అడగండి. మూత్రానికి భయపడి నీళ్లు తాగడం మానితే ఇంకా ప్రమాదం.

ఆ పార్కు 380 ఎకరాలు. ఆమెను బ్యాటరీ బండి ఎక్కించండి, అంతా నడిపించకండి. తిమ్మిర్లున్న పాదానికి చెప్పు కరిచినా తెలియదు. కొత్త చెప్పులు వద్దు, పాతవే వేయించండి. రాత్రి ఇంటికొచ్చాక అరికాళ్లు, వేళ్ల సందులు మీరే లైటు వేసి చూడండి. బొబ్బ గానీ ఎర్రటి మచ్చ గానీ కనిపిస్తే పసుపు రాసి ఊరుకోకండి, మర్నాడే చూపించండి.