పాపకు రోజూ ప్రోబయోటిక్ పొడి వేయాలా? పేగుల్లోని బాక్టీరియా గురించి ఒక ఫార్మసిస్టు జవాబు

అమ్మా, మీ ప్రశ్న సారాంశం ఇది: సిజేరియన్‌తో పుట్టిన మీ పాపకు ఇప్పుడు ఎనిమిదో నెల, ఇప్పటికే రెండు విడతలు యాంటీబయాటిక్ సిరప్ వాడారు, పేగుల్లోని మేలుచేసే బాక్టీరియా పోతే రోగనిరోధకశక్తి, మెదడు ఎదుగుదల రెండూ దెబ్బతింటాయని చదివి, రోజూ ప్రోబయోటిక్ పొడి, అంటే మేలుచేసే బాక్టీరియా ఉన్న పొడి, వేయమంటారా అని అడుగుతున్నారు. నేను నరసన్నపేటలో చాలా ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. ఆ పొట్లాలు అమ్మితే నాకు నాలుగు రాళ్లు మిగులుతాయి గాని, పాలు తాగుతూ, బరువు పెరుగుతూ, ఆడుకుంటున్న బిడ్డకు అవి అవసరం లేదనే చెబుతాను. ఎందుకో వివరిస్తాను.

సహజ ప్రసవంలో తల్లి పేగుల్లోని బాక్టీరియా తొలి గంటల్లోనే బిడ్డకు అందుతుంది. సిజేరియన్‌లో అది తగ్గి, ఆసుపత్రి వాతావరణంలో తిరిగే రకాలు ముందుగా చోటు చేసుకుంటాయి. బ్రిటన్‌లో నెలలు నిండి పుట్టిన 596 మంది శిశువుల మలాన్ని పరీక్షించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో ఈ తేడా స్పష్టంగానే కనిపించింది. అయితే ఆరు నుంచి తొమ్మిది నెలల వయసు వచ్చేసరికి అది చాలావరకు సర్దుకుంది, బాక్టీరాయిడిస్ అనే జాతి మాత్రం కొంత వెనకబడి ఉంది. మీ పాప సరిగ్గా ఆ వయసులోనే ఉన్నది కనుక సిజేరియన్ గురించిన దిగులు ఇక పక్కన పెట్టవచ్చు.

తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తరువాత అత్యధికంగా ఉండే ఘనపదార్థం ఆలిగోశాకరైడ్లు అనే చక్కెర గొలుసులు. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. అవి అలాగే పెద్దపేగుకు చేరి బైఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్ వంటి మేలుచేసే బాక్టీరియాకు మేత అవుతాయి. అంటే తల్లి ఒంట్లో తయారయ్యే పాలలో ఒక వాటా నేరుగా ఈ సూక్ష్మజీవుల కోసమే ఉన్నదన్నమాట. బైఫిడో జాతిని 1899లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిసియే అనే శాస్త్రవేత్త గుర్తించినదీ తల్లిపాలు తాగే శిశువు మలంలోనే. ఈ బాక్టీరియా ఆ చక్కెరలను పులియబెట్టి విడుదల చేసే ఎసిటేట్, లాక్టేట్ వల్ల పేగులో ఆమ్లత్వం పెరిగి, హానికర క్రిములు తేలికగా ఎదగలేవు. పాలు ఇంకా ఇస్తున్నట్లయితే రెండేళ్ల వరకు మానవద్దని చెప్పేది ఇందుకే.

పైఆహారం మొదలైన తరువాత పీచును పులియబెట్టే జాతులు పెరిగి, బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం దీని నుంచే వస్తుంది. రోగనిరోధక వ్యవస్థలో టి-రెగ్ అనే నియంత్రణ కణాలు ఉంటాయి. తిన్న తిండి మీద, మేలుచేసే బాక్టీరియా మీద అనవసరంగా విరుచుకుపడకుండా ఒంటిని అదుపులో ఉంచే ఈ కణాలు పేగుల్లో పెరగడానికి బ్యుటిరేట్ తోడ్పడుతుందని 2013లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. కాబట్టి రోగనిరోధకశక్తిని ఎప్పుడూ పెంచుకుంటూ పోవాలనుకోవడం సరికాదు. దానికి ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి.

ఇక మిమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టిన మెదడు సంగతి. జపాన్‌లో నొబుయుకి సుడో బృందం 2004లో ప్రకటించిన ప్రయోగంలో, ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలను కదలనీయకుండా నిర్బంధించినప్పుడు వాటి రక్తంలో ఒత్తిడి హార్మోన్లు మామూలు ఎలుకల కన్నా ఎక్కువగా పెరిగాయి. బైఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్ ఒక్కదానిని ఎక్కించినా ఆ తేడా పోయింది. మామూలు ఎలుకల మలం ద్వారా సూక్ష్మజీవులను ఎక్కించినప్పుడు మాత్రం, చిన్న వయసులో ఎక్కిస్తే కొంత ఫలించింది, ఆలస్యమైతే ఫలించలేదు. మీరు చదివిన భయమంతా ఇటువంటి ప్రయోగాల నుంచే పుట్టింది. అయితే పుట్టుక నుంచి ఒక్క క్రిమి కూడా లేకుండా పెరిగిన ఎలుకకూ, రెండు విడతలు మందు తాగిన మీ పాపకూ పోలిక లేదు. నాడులు కబురు పంపుకోవడానికి వాడే సెరటోనిన్ అనే రసాయనంలో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుందన్న మాట కూడా మీ కంటపడి ఉంటుంది; అది నిజమే గాని, ఆ సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి చేరలేదన్న రెండో సగం ఎవరూ రాయరు. పేగుకూ మెదడుకూ మధ్య కబురు ప్రధానంగా మెదడు నుంచి పేగుల దాకా సాగే వేగస్ నాడి, రోగనిరోధక కణాలు, హార్మోన్ల ద్వారా నడుస్తుంది.

ప్రోబయోటిక్ వల్ల ఎక్కడా మేలు జరగలేదా అంటే, జరిగింది, అదీ మన పొరుగునే. ఒడిశా గ్రామాల్లో 4,556 మంది నవజాత శిశువులతో చేసి 2017లో ప్రకటించిన ప్రయోగంలో, లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే మేలుచేసే బాక్టీరియాను దాని మేతతో కలిపి ఏడు రోజులు ఇచ్చారు. సెప్సిస్ (ఒళ్లంతా పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్) గాని మరణం గాని సంభవించిన శిశువులు బాక్టీరియా లేని ఉత్తి పొడి ఇచ్చినవారిలో 9 శాతం ఉండగా, ఈ పొడి ఇచ్చినవారిలో 5.4 శాతమే ఉన్నారు. కానీ అది పుట్టిన తొలి వారంలో, తల్లిపాలు తాగే బిడ్డలకు, ఏరికోరి ఎంచిన ఒకే రకంతో వచ్చిన ఫలితం. దాన్ని చూపించి ఎనిమిదో నెల బిడ్డకు ఏ పొట్లం పడితే ఆ పొట్లం అంటగట్టడం న్యాయం కాదు. విరేచనాలతో వచ్చిన పిల్లలకు లాక్టోబాసిల్లస్ ఇచ్చి చూసి, అమెరికా, కెనడాల నుంచి 2018లో ఫలితాలు ప్రకటించిన రెండు పెద్ద ప్రయోగాల్లో ప్రయోజనం కనిపించలేదు. నా దుకాణంలో ఎక్కువగా అడిగేది చిన్న ప్లాస్టిక్ సీసాలో 5 మి.లీ. నీళ్లలాంటి ద్రవం, అందులో బాసిల్లస్ క్లాసీ అనే బాక్టీరియా బీజాలు 200 కోట్లు ఉంటాయి. అవి పేగుల్లో స్థిరపడవు, చుట్టపుచూపుగా వచ్చి పోతాయి. యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు విరేచనాలు పట్టకుండా వైద్యుడు కొన్ని రకాలు రాస్తే, అది వేరే విషయం, వేయండి.

నా అనుభవంలో అసలు నష్టం పొడి వేయకపోవడం వల్ల కాదు, అక్కర్లేని యాంటీబయాటిక్ వల్ల జరుగుతోంది. "గుంటకి ఇరేచనాలవుతున్నాయి బాబూ, మొన్నటి మందే ఇచ్చీండి" అంటూ ఫోనులో పాత సీసా ఫొటో చూపించేవారు వారం వారం వస్తారు. కొందరైతే సగం మిగిలిన సీసానే సంచిలోంచి తీస్తారు: మూత చుట్టూ పాకం కట్టి, లోపలి మందు ముదురు పసుపు రంగుకు తిరిగి, కలిపిన తేదీ రాయవలసిన గడి ఖాళీగా ఉంటుంది. అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ పొడిని నీటితో కలిపాక ఫ్రిజ్‌లో పెట్టినా ఏడు రోజులే పనిచేస్తుంది. పసిపిల్లల నీళ్ల విరేచనాలు చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు; పోయేది పేగుల్లోని మంచి బాక్టీరియానే. ఈ విరేచనాలకు ఓఆర్ఎస్, పద్నాలుగు రోజులు జింక్ (ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మి.గ్రా.) సరైన మందు. మలంలో రక్తం పడినా, బిడ్డ నీరసించి కళ్లు లోతుకు పోయినా, పాలు తాగకపోయినా వెంటనే వైద్యునికి చూపించాలి. న్యుమోనియా వంటి వాటికి వైద్యుడు యాంటీబయాటిక్ రాస్తే పేగుల బాక్టీరియా పేరు చెప్పి మధ్యలో ఆపవద్దు.

పొడికి పెట్టే డబ్బు తిండికి పెట్టండి. ఢాకాలోని మీర్‌పూర్‌లో, తగినంత బరువు లేని 12 నుంచి 18 నెలల పిల్లలకు శనగపిండి, వేరుశనగ, సోయా, పచ్చి అరటికాయలతో చేసిన ఆహారం మూడు నెలలు పెట్టి చూసిన ప్రయోగం 2021లో వెలువడింది. మామూలుగా ఇచ్చే పోషకాహారం కన్నా కేలరీలు తక్కువే ఉన్నా, ఈ పిల్లలే మెరుగ్గా బరువు పెరిగారు. ఎముకల, నాడీవ్యవస్థ ఎదుగుదలకు సంబంధించిన ప్రొటీన్లు రక్తంలో పెరిగాయి, బాక్టీరియా కూడా మెరుగుపడింది. సోయా తప్ప అన్నీ మన వంటింటి సరుకులే. ఉడికించి మెదిపిన అరటికాయ, మెత్తటి పప్పు, చోడి (రాగి) జావ మీ పాపకు సరిపోతాయి. జావ మాత్రం చెంచా వంచితే కారిపోయేంత పలచగా ఉండకూడదు. పలచటి జావతో కడుపు నిండుతుంది గాని బలం రాదు. ఈ వయసులో మెదడుకు ఐరన్ ముఖ్యం, తల్లిపాలలో అది తక్కువ. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే వారానికి రెండుసార్లు వేసే ఐరన్ సిరప్ ఉచితంగా ఇస్తారు. నా దుకాణానికి గిరాకీ తగ్గించే సలహాయే అయినా అదే మంచిది.

తరవాణి గురించి కూడా అడిగారు. మా ఇంట్లో కుండ అడుగున పాత తరవాణి కొంచెం ఉంచి, దాని మీద గంజి, బియ్యం కడిగిన నీళ్లు పోసి, గుడ్డ కడతారు. తెల్లవారేసరికి పైన సన్నని బుడగలు లేచి పుల్లటి వాసన వస్తుంది, లాక్టిక్ బాక్టీరియా పని అది. పాలిచ్చే తల్లిగా మీరు తాగవచ్చు. కుండ శుభ్రత, పులుపు ఏ రోజు ఎలా ఉంటాయో చెప్పలేము కనుక ఏడాది లోపు బిడ్డకు మాత్రం వద్దు.

ఆ వయసుకు తేనె కూడా వద్దు, పెద్దవాళ్లు నాలుక మీద రాస్తామన్నా సరే. తేనెలో క్లాస్ట్రిడియం బోటులినమ్ అనే హానికర బాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. మన పేగుల్లో కుదురుకున్న బాక్టీరియా వాటిని మొలకెత్తనీయదు. మీ పాప పేగుల్లో ఆ కాపలా ఇంకా పూర్తిగా ఏర్పడలేదు కాబట్టి అవి మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే విషాన్ని విడుదల చేయగలవు.