కాంపొనెంట్ స్పీకర్లతో వచ్చిన క్రాసోవర్ డబ్బాలు తీసేయవచ్చా?

కారుకి ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లు (కింది సౌండ్ పలికే వూఫర్, పై సౌండ్ పలికే చిన్న ట్వీటర్ విడివిడిగా వచ్చే సెట్) కొన్నారు, ఆ రెంటికీ సౌండ్‌ని విడగొట్టి పంపే క్రాసోవర్ డబ్బాలు పెట్టడానికి చోటు లేదని, అవి లేకుండానే కలిపేస్తానని షాపతను అంటున్నాడు, ఒప్పుకోవచ్చా అని కదా మీరు అడిగింది. ఒప్పుకోకండి. నేను అలాగే ఒప్పుకుని ఒక ట్వీటర్ కాల్చుకున్నాను.

నాది పాత స్విఫ్ట్. బిగించినతను "కంపెనీ ట్వీటర్ వైర్‌లో కెపాసిటర్ ఉండనే ఉంటుంది సార్, మళ్ళీ ఈ డబ్బా దేనికి" అన్నాడు, నేనూ నమ్మాను. కెపాసిటర్ అంటే ట్వీటర్‌కి బేస్ వెళ్ళకుండా ఆపే చిన్న భాగం. తీరా చూస్తే ఆ కెపాసిటర్ ఉన్నది వైర్‌లో కాదు, పాత ట్వీటర్ వెనకాలే అతికించి ఉంది, ట్వీటర్‌తో పాటు అదీ బయటికి వచ్చేసింది. అంటే కొత్త ట్వీటర్‌కి బేస్‌తో సహా మొత్తం సౌండ్ నేరుగా వెళ్తోందన్నమాట. రెండు వారాలు కూడా కాకముందే ఎడమవైపుది చిరచిరమంటూ ఆగిపోయింది. ట్వీటర్ లోపలి కాయిల్ చాలా సన్నని తీగ, బేస్ కరెంట్‌కి అది తట్టుకోలేదు. పైగా (ఓమ్ అంటే కరెంట్‌కి స్పీకర్ ఇచ్చే అడ్డు కొలత) 4 ఓమ్‌ల వూఫర్, 4 ఓమ్‌ల ట్వీటర్ అడ్డేమీ లేకుండా పక్కపక్కన కలిపితే స్టీరియోకి కనిపించేది 2 ఓమ్‌లే, దాంతో స్టీరియో కూడా వేడెక్కుతుంది.

మరి ఒక్క కెపాసిటర్ వేస్తే చాలదా అంటే, ట్వీటర్ బతుకుతుంది, పాట మాత్రం బాగుండదు. 4 ఓమ్‌ల ట్వీటర్‌కి 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే అది సుమారు 8,500 హెర్ట్జ్ పైన మాత్రమే పూర్తిగా పలుకుతుంది, 10 మైక్రోఫారడ్ వేస్తే సుమారు 4,000 నుంచి. షాపులో చేతికి ఏది దొరికితే అది వేస్తారు, మీ వూఫర్ ఎక్కడి దాకా బాగా పలుకుతుందో ఎవరూ చూడరు. వూఫర్ వైపు పై సౌండ్‌ని ఆపే కాయిల్ కూడా ఉండదు కాబట్టి అది పై సౌండ్ కూడా పలుకుతూ, గొంతు డోర్ కింద నుంచి గీరుకుపోయినట్టు వస్తుంది. సెట్‌తో వచ్చే డబ్బాలో రెండు వైపులా కోత, అంటే ఆ స్పీకర్‌కి అక్కర్లేని సౌండ్‌ని ఆపేయడం, ఉంటుంది, అదీ ఆ రెండు స్పీకర్లనే పెట్టుకుని లెక్క కట్టిన కోత.

ఇక్కడే నేను రెండో తప్పు చేశాను. కాలిన ట్వీటర్ బదులు వేరే కంపెనీది తెచ్చి, ఈసారి బుద్ధిగా అసలు క్రాసోవర్‌కే కలిపాను. అది 8 ఓమ్‌లదట. క్రాసోవర్ 4 ఓమ్‌లకు చేసింది కాబట్టి కోత పడాల్సిన చోటు కంటే కిందికి జారిపోయింది. గాయనీమణుల గొంతులో స, ష అక్షరాలు చెవిలో గుచ్చుకునేవి, ఎంత ఈక్వలైజర్ తిప్పినా పోలేదు. చివరికి అదే మోడల్ ట్వీటర్ కోసం నెల ఆగి తెప్పించాక గానీ సౌండ్ దారికి రాలేదు.

డబ్బాలకు చోటు దొరకకపోవడం నిజమైన ఇబ్బందే, అది నేను కాదనను. కానీ దయచేసి డోర్ అడుగున మాత్రం పెట్టించకండి. వానాకాలంలో అద్దం మీద పడిన నీరు డోర్ లోపలికే దిగుతుంది, నాకు తెలిసిన ఒకాయన డబ్బా స్క్రూలు ఒక్క సీజన్‌లోనే పచ్చగా తుప్పు పట్టాయి. నేను డాష్‌బోర్డ్ కింద కాళ్ళ పక్కన ప్లాస్టిక్ ప్యానెల్ వెనక, ఫోమ్ చుట్టి టై వేసి పెట్టించాను. దానికి డోర్‌లోకి కొత్త వైర్ లాగాలి, ఆ పని బద్ధకించే షాపువాళ్ళే డబ్బా అక్కర్లేదంటారని నా అభిప్రాయం.

డబ్బా మీద ట్వీటర్ సౌండ్ తగ్గించే స్విచ్ ఉంటే ముందు 0 దగ్గర విని, పదునుగా అనిపిస్తే మైనస్ 3కి మార్చండి. ప్లస్, మైనస్ గుర్తులు రెండు వైపులా ఒకేలా కలిపారా చూడండి, ఒక వైపు తిరగబడితే గొంతు మధ్యలో నిలవదు.

కారు ముందు వైపు నాలుగు స్పీకర్లకీ విడివిడిగా నాలుగు ఆంప్లిఫయర్ ఛానళ్ళు, డీఎస్పీ (సౌండ్‌ని డిజిటల్‌గా విడగొట్టే పరికరం) పెట్టుకునేవాళ్ళకైతే ఈ డబ్బాలు నిజంగానే అక్కర్లేదు. మీది మామూలు స్టీరియో అన్నారు కాబట్టి అది వేరే సంగతి. కారు ఇచ్చే ముందు పాత ట్వీటర్ ఒకటి విప్పించి దాని వెనక కెపాసిటర్ ఉందో లేదో మీ కళ్ళతో చూడండి, ఫొటో పెడితే వైర్లు ఎలా కలపాలో చెబుతాను.