చల్లని ఇంజిన్‌లో గలగల: టెన్షనర్ ఒక్కటి మారిస్తే చాలా?

ప్రశ్న: మా పెట్రోల్ కారు లక్ష కిలోమీటర్లు దాటింది. ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందు వైపు నుంచి రెండు మూడు సెకన్లపాటు గలగలమని శబ్దం వచ్చి, దానంతటదే ఆగిపోతోంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే రావడం లేదు. టైమింగ్ చైన్ టెన్షనర్ అరిగిందని, అది మారిస్తే చాలని ఒక మెకానిక్ అంటున్నారు. చైను, గైడ్లు, స్ప్రాకెట్లు (చైను పట్టి తిరిగే పళ్ల చక్రాలు) సహా సెట్టు మొత్తం మార్చాల్సిందేనని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి? ఆలోగా బండి నడపవచ్చా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి టెన్షనర్‌ను అనుమానించడం సబబే. అయితే అది ఒక్కటే అరిగిందా, లేక చైను సాగడం వల్ల దాని పని కష్టమైందా అన్నది తేలేవరకు ఇద్దరు మెకానిక్‌లలో ఎవరిది సరైన మాటో చెప్పలేం. ఆ సంగతి తేల్చే ఆధారం టెన్షనర్‌లోనే ఉంటుంది.

పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి ఉంచేది టైమింగ్ చైను. చైనులో ఒక వైపు ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది, రెండో వైపు వదులుగా ఉంటుంది. ఆ వదులు వైపున గైడును, అంటే చైను ఆనుకుని జారే పట్టీని, నెట్టిపట్టి ఉంచడమే టెన్షనర్ పని. చాలా ఇంజిన్లలో ఇది ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. ఆయిల్ పంపు నుంచి వచ్చిన ఆయిల్ ఒకవైపే పోనిచ్చే చిన్న చెక్ వాల్వు గుండా లోపలికి చేరి, ప్లంజర్ అనే చిన్న కడ్డీని బయటికి నెడుతుంది. ఇంజిన్ ఆపి ఉంచిన రాత్రంతా ఆ ఆయిల్ కారిపోకుండా చెక్ వాల్వు ఆపాలి. అది అరిగినా, అందులో మడ్డి చేరినా ఆయిల్ కిందికి దిగిపోతుంది. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు పంపు మళ్లీ ఒత్తిడి అందించేవరకు చైను వదులుగా ఊగి గైడ్లకు, కొన్నిసార్లు కవరుకు తగులుతుంది. మీరు వింటున్న గలగల ఇదే అయి ఉండవచ్చు.

అయినా ఇంజిన్ విప్పే ముందు కొన్ని సులువైన పరీక్షలు తప్పక చేయించండి. మొదట ఆయిల్ మట్టం చూడండి. తయారీదారు చెప్పిన గ్రేడు ఆయిలే పోశారో లేదో నిర్ధారించుకోండి. ఇంజిన్ ఆగినప్పుడు ఆయిల్ వెనక్కి దిగకుండా ఆపే రబ్బరు వాల్వు అనేక ఆయిల్ ఫిల్టర్లలో ఉంటుంది. నాసిరకం ఫిల్టరులో అది సరిగా పట్టకపోతే, టెన్షనర్ బాగానే ఉన్నా ఇదే శబ్దం వస్తుంది. వాల్వుల సమయాన్ని మార్చే క్యామ్ గేరులోని లాకు పిన్ను అరిగినప్పుడు వచ్చే శబ్దం కూడా దాదాపు ఇలాగే ఉంటుంది కనుక, శబ్దం పైనుంచి వస్తోందా, కవరు మధ్య భాగం నుంచి వస్తోందా అన్నది మెకానిక్ స్టెతస్కోప్ పెట్టి విని తేల్చుకోవాలి. కారు కంప్యూటరులోని లోపాల కోడ్లను చదివే స్కానర్‌లో పి 0016 కోడు కనిపిస్తే క్రాంకుకూ క్యాముకూ మధ్య ఉండాల్సిన పొంతన తప్పిందని అర్థం. అప్పుడు టెన్షనర్ ఒక్కటి మార్చడంతో పని పూర్తవుతుందని ఆశించకూడదు.

ఇక అసలు విషయానికి వద్దాం. టెన్షనర్‌ను విప్పి చేతిలోకి తీసుకున్నాక ప్లంజర్ ఎంతవరకు బయటికి వచ్చి ఉందో చూడమని మీ మెకానిక్‌ను అడగండి. రాచెట్ ఉన్న టెన్షనర్‌లో ప్లంజర్ పక్కన వరుసగా గాట్లు ఉంటాయి. చైను పొడవు పెరిగేకొద్దీ ప్లంజర్ ఒక్కో గాటు చొప్పున ముందుకు జరుగుతూ, వెనక్కి పోకుండా అక్కడే ఆగుతుంది. తొలి గాట్ల దగ్గరే ఉంటే చైను పెద్దగా సాగలేదని అనుకోవచ్చు. చివరి గాట్ల దాకా వచ్చేసి ఉంటే చైను ఆయుష్షు తీరిందని గ్రహించాలి. చైను సాగిందంటే ఇనుము సాగిందని కాదు; ప్రతి లింకులోని పిన్నూ బుష్షూ కొద్దికొద్దిగా అరిగి, ఆ అరుగుదల అంతా కలిసి పొడవుగా మారుతుంది. అలాంటి చైనుకు కొత్త టెన్షనర్ తగిలిస్తే శబ్దం కొంతకాలం తగ్గుతుంది తప్ప జబ్బు నయం కాదు. గైడ్ల ముఖం మీద చైను కోసిన లోతైన చారలు గాని, పగుళ్లు గాని ఉన్నా, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో గైడ్ల ప్లాస్టిక్ ముక్కలు కనిపించినా సెట్టు మొత్తం మార్చడమే న్యాయం. ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే ఇంజిన్ మొత్తానికే ఆయిల్ అందదు.

నా అభిప్రాయం ఇది. మీ ఇంజిన్‌లో టెన్షనర్‌ను బయటి నుంచే తీయగలిగే ఏర్పాటు ఉండి, గాట్లు తక్కువగానే వాడకంలోకి వచ్చి ఉంటే, మొదటి మెకానిక్ మాట వినండి. ముందువైపు కవరు మొత్తం విప్పాల్సిన ఇంజిన్ అయితే, అంత కష్టపడి లోపలికి వెళ్లాక పాత చైనునూ గైడ్లనూ అలాగే వదిలి మూసేయడం దండగ.

పని జరిగేటప్పుడు మీరు పట్టుబట్టాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. టెన్షనర్ తీసేముందు క్రాంకును, క్యామ్‌లను గుర్తుల ప్రకారం నిలిపి లాకింగ్ టూల్స్‌తో బంధించాలి. లేకపోతే చైను వదులైన క్షణంలో వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ తిరిగి పళ్లు దాటవచ్చు. అయితే బోల్టులు వదులు చేయడానికీ బిగించడానికీ ఆ టూల్స్‌నే ఆధారం చేసుకోకూడదు, అవి వంగిపోతాయి. బయటి నుంచి తీసే రాచెట్ టెన్షనర్ బోల్టులను సగం వదులు చేసి, మనసు మార్చుకుని మళ్లీ బిగించడం మరీ ప్రమాదం. ఆ కాస్త సందులో ప్లంజర్ ముందుకు జరిగిపోయి, బిగించినప్పుడు చైను మీద మితిమీరిన ఒత్తిడి పడుతుంది. కనుక ఒకసారి వదులు చేస్తే పూర్తిగా బయటికి తీసి, ప్లంజర్‌ను లోపలికి నెట్టి సెట్ చేశాకే బిగించాలి. కొత్త టెన్షనర్‌తో వచ్చే పిన్నును దాన్ని బిగించిన తర్వాతే లాగాలి.

అన్నీ బిగించాక కీ తిప్పి స్టార్ట్ చేయకూడదు. పానా పెట్టి క్రాంకును చేత్తో, అది మామూలుగా తిరిగే దిశలోనే, రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. మధ్యలో గట్టిగా అడ్డుపడితే బలవంతంగా తిప్పకూడదు; పిస్టన్ వాల్వుకు తగులుతోందేమోనని అనుమానించి అక్కడే ఆపాలి. చైనుపై రంగు వేసిన లింకులు మాత్రం రెండు చుట్ల తర్వాత గుర్తుల దగ్గర కనిపించవు. అవి బిగించే సమయానికే పనికొస్తాయి కనుక కంగారు పడనక్కరలేదు.

ఆలోగా నడపడం గురించి అడిగారు. శబ్దం రెండు మూడు సెకన్లకే ఆగుతూ ఉంటే, హెచ్చరిక దీపాలేవీ వెలగకపోతే, మరమ్మతు జరిగేవరకు అవసరం మేరకు నెమ్మదిగా నడపవచ్చు. స్టార్ట్ చేసిన వెంటనే యాక్సిలరేటర్ తొక్కవద్దు. శబ్దం ఎక్కువసేపు ఉన్నా, వేడి ఇంజిన్‌లోనూ వినిపించినా, ఇంజిన్ వణుకుతున్నా బండి ఆపేసి టోయింగ్ చేయించండి. పిస్టన్, వాల్వు ఒకదానికొకటి తగిలే రకం ఇంజిన్లలో చైను కొన్ని పళ్లు దాటితే వాల్వులు వంగిపోతాయి. అప్పుడు సిలిండర్ హెడ్ విప్పక తప్పదు.

ప్రశ్న: ఇదే శబ్దానికి చిక్కటి ఆయిల్ పోయిస్తే, లేదా లోపలి మడ్డిని కరిగించి కడిగే ఇంజిన్ ఫ్లష్ చేయిస్తే సరిపోతుందని కొందరు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: చిక్కటి ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు నెమ్మదిగా కదులుతుంది. టెన్షనర్‌కు ఆయిల్ త్వరగా అందాల్సిన క్షణంలోనే అది ఆలస్యమవుతుంది కనుక మేలు కంటే కీడే ఎక్కువ. ఫ్లష్ విషయానికొస్తే, ఏళ్ల తరబడి మడ్డి పేరుకున్న ఇంజిన్‌లో ఆ మడ్డి పెళ్లలు పెళ్లలుగా ఊడి పంపు జల్లెడ దగ్గర చేరే ప్రమాదం ఉంది. సరైన గ్రేడు ఆయిల్, మంచి ఫిల్టరు వేయించి, తర్వాతి మార్పును మాన్యువల్ చెప్పిన గడువు కంటే ముందే చేయించండి. అప్పటికీ శబ్దం వస్తుంటే టెన్షనర్‌ను విప్పి చూడాల్సిందే.